పచ్చసెలైను, తగ్గిన జింకు, పెట్టని సంతకం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని రాసినట్టున్నాయి. అందుకే వంటింటి ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వాటికే జవాబులిస్తున్నాను. నన్ను కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. నేను మందులు రాసే డాక్టర్ని కాదు. పాతికేళ్లకు పైగా ఆసుపత్రుల్లో డైటీషియన్‌గా చేశాను. నడివయసులో, పిల్లలు టెన్త్‌కొచ్చాక, పీహెచ్‌డీ కూడా నెత్తికెత్తుకున్నాను. ప్రాణం మీదికొచ్చినవాళ్లకు విటమిన్లు, జింకు, సెలీనియం లాంటి సూక్ష్మపోషకాలు ఎప్పుడు ఎంత ఇవ్వాలన్నదే నా విషయం. కాబట్టి మీ మనిషికి డాక్టరు రాసిన ఏ మందు ఆపాలో, ఏది మొదలుపెట్టాలో ఇక్కడ చెప్పను, అది దగ్గరుండి చూస్తున్న డాక్టరు పని.

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నకు షుగరు, కాలి పుండు ముదిరి ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకితే వెంటిలేటర్ మీద పెట్టారు. మూడో రోజు ఒక కుర్ర డాక్టరు కాగితాలు పట్టుకొచ్చారు. తన పీహెచ్‌డీ పరిశోధనట, విటమిన్ సి, థయమిన్, సెలీనియం ఎక్కువ మోతాదులో నరానికి ఎక్కిస్తారట, సంతకం పెట్టమన్నారు. రక్తంలో జింకు, సెలీనియం బాగా తగ్గిపోయాయని రిపోర్టు కూడా చూపించారు. మా బావ "మావయ్య మీద ప్రయోగాలేటి" అని కేకలేశాడు. నేను పెట్టలేదు. ఆరో రోజు నాన్న పోయారు. పెద్దకర్మ కూడా అయిపోయింది. అమ్మ ఇప్పటికీ "ఆ మందిచ్చుంటే బతికేవోరేమో" అంటూనే ఉంది. నేను సంతకం పెట్టాల్సిందా మేడమ్?

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నువ్వు సంతకం పెట్టకపోవడం వల్ల మీ నాన్నగారు పోలేదు. ఈ మాట నీ మనసు కుదుటపడాలని అంటున్నది కాదు, ఇన్నేళ్ల పరిశోధనలు చెబుతున్నదే అంటున్నాను.

విటమిన్ సి సంగతి చూడు. 2017లో అమెరికా డాక్టరు గారొకరి పరిశోధన అచ్చయింది. ఆయన తన ఐసీయూలో సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకిన రోగులు 47 మందికి విటమిన్ సి, థయమిన్ అనే బి1 విటమిన్, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఇచ్చారు. అంతకు ముందు నెలల్లో ఇవేమీ లేకుండా వైద్యం పొందిన ఇంకో 47 మందితో పోల్చి చూశారు. ఇచ్చినవాళ్లలో చనిపోయింది నలుగురు, ఇవ్వనివాళ్లలో పందొమ్మిది మంది. ప్రపంచమంతా ఊగిపోయింది. చవక మందు, ఎక్కడైనా దొరుకుతుంది, మరి ఊగదా! నేను కూడా ఊగానులే, దాచుకోవడం ఎందుకు. అయితే చీటీ వేసినట్టు ఎవరికి ఆ మందు, ఎవరికి మామూలు వైద్యమో ఉత్త సెలైనో అన్నది ముందే తేల్చి, పెద్ద సంఖ్యలో చేసిన పరిశోధనలు ఒకటొకటే వచ్చాక ఆ మెరుపు నిలబడలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్‌లలో 216 మందితో చేసి 2020లో వెలువరించిన దాంట్లో తేడా ఏమీ కనపడలేదు. 2022లో లోవిట్ అనే పరిశోధన వచ్చింది, 872 మంది సెప్సిస్ రోగులు. విటమిన్ సి ఒక్కటే, కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి నాలుగు రోజుల పాటు ఇచ్చారు. నెల తిరిగే సరికి చనిపోయినవాళ్లు, అవయవాలు కోలుకోక ఇంకా మందుల మీదో మిషన్ల మీదో ఉన్నవాళ్లు కలిపి, ఉత్త సెలైను వాళ్లలో 38.5 శాతం, విటమిన్ వాళ్లలో 44.5 శాతం. అంటే మేలు లేకపోగా, కొంచెం కీడే అయింది.

సెలీనియం కథా ఇంతే. జర్మనీలో వెయ్యిమందికి పైగా సెప్సిస్ రోగులకు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూశారు, 2016లో ఫలితం వచ్చింది, మరణాలేమీ తగ్గలేదు. 2013లో రిడాక్స్ అని ఇంకో పరిశోధన వచ్చింది, 1223 మందితో. అందులో సెలీనియం, జింకు, విటమిన్లు ఏ ఉపయోగమూ చూపించలేదు. వాటితో పాటు పరీక్షించిన గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చినవాళ్లలో అయితే ఎక్కువమంది పోయారు. బలానికని ఇచ్చిందే అలా చేసింది.

ఇక నీకు చూపించిన ఆ రిపోర్టు. మీ అమ్మగారికి చెప్పాల్సింది అసలు ఇదే, కొంచెం నిదానంగా చదివి వినిపించు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు భావనపాడు వైపో కళింగపట్నం వైపో వెళ్లి సముద్రం చూడు. ఒక్క పడవ కనపడదు. అన్నీ ఒడ్డు మీదికి లాగేసి, తాళ్లతో కట్టేసి ఉంటాయి. ఆ ఖాళీ సముద్రం చూసి "ఈ ఊళ్లో పడవల్లేవు పాపం, వెంటనే పాతిక పడవలు కొనివ్వండి" అంటే మత్స్యకారులు నవ్వుతారు. ఒంట్లో పెద్ద ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు జరిగేదీ ఇదే. రక్తంలో తిరిగే జింకును శరీరం లివర్‌లోకి లాగేసుకుంటుంది. ఐరన్‌ను క్రిములకు దొరక్కుండా కణాల్లో దాచేస్తుంది. సెలీనియం, విటమిన్ ఎ, సి, డి, బి6 అన్నీ రక్తంలో తగ్గినట్టే కనపడతాయి. రాగి, ఐరన్ నిల్వను చూపించే ఫెర్రిటిన్ మాత్రం పెరుగుతాయి. అందుకే సీఆర్‌పీ అనే వాపు పరీక్ష 20 దాటిన మనిషి రక్తంలో జింకు ఇంత, సెలీనియం ఇంత అని అంకె చూసి లోపం ఉందని తేల్చకూడదని 2022లో యూరప్ పోషకాహార నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాలు గట్టిగా చెబుతాయి. కాలి పుండుతో వెంటిలేటర్ ఎక్కిన మనిషికి సీఆర్‌పీ 200 ఉన్నా ఆశ్చర్యపోను. ఆ రిపోర్టులో తగ్గిన జింకు ఆయన జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెబుతోంది. ఆయన చనిపోవడానికి కారణం జింకు లేకపోవడం అని మాత్రం చెప్పడం లేదు.

ఇంకోటి. సంతకం పెట్టినా మందు వచ్చేదన్న హామీ లేదు. ఇలాంటి పరిశోధనల్లో మామూలుగా సగం మందికి ఉత్త సెలైనే ఎక్కుతుంది, ఏది ఎవరికన్నది ఇచ్చే నర్సుకు కూడా తెలియదు.

అలాగని మీ బావ మాట పూర్తిగా ఒప్పుకోను. ఆ కుర్ర డాక్టరు తప్పు చేశాడని కూడా అనను, రిపోర్టు చూపించి ఒత్తిడి పెట్టి ఉంటే తప్ప. పైన చెప్పిన అంకెలన్నీ ఎవరో ఒకరి కొడుకో కూతురో, నీలాగే నిద్రలేని కళ్లతో, సంతకం పెట్టబట్టే మనకు తెలిశాయి. రేపు మీ ఇంట్లోనే ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే కాగితం మీద ఏం చూడాలో చెబుతాను, చదివేవాళ్లందరికీ పనికొస్తుంది. సమాచార పత్రం తెలుగులో ఉండాలి, ఒక కాపీ మీ చేతికివ్వాలి. మీకు చదువు రాకపోతే, ఆ పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షి ముందు చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర తీసుకోవాలి. రోగుల హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి, అడగడానికి ఒక ఫోన్ నంబరు, రోగుల మీద చేసే పరిశోధనల్ని నమోదు చేసే సీటీఆర్ఐ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మన దేశంలో 2009 జూన్ నుంచి ఇలాంటి క్లినికల్ ట్రయల్స్‌కు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సంతకం పెట్టకపోయినా మామూలు వైద్యం ఒక్క ఇసుమంత కూడా తగ్గదని రాసి ఉండాలి. పెట్టాక కూడా మధ్యలో వద్దనుకుంటే తప్పుకోవచ్చు. పరిశోధన వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ ఉంటుంది. స్పృహలో లేని మనిషి తరఫున ఇంట్లోవాళ్లు సంతకం పెడితే, ఆ మనిషికి తెలివొచ్చాక మళ్లీ అడగాలి. ఇవన్నీ ఉండి, నీకు "ఆలోచించుకోండి, రేపు చెప్పండి" అని టైమిచ్చి ఉంటే ఆ కుర్రాడు మంచివాడే.

నువ్వు వద్దన్నావు. అది నీ హక్కు. అమ్మకు ఆ పడవల సంగతి చెప్పు, మీ ఊరి భాషలో చెబితే అందుతుంది.

ప్రశ్న: మా అత్తగారిని శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో పెట్టాం. పక్క బెడ్ ఆవిడకు రోజూ పచ్చసెలైను ఎక్కిస్తున్నారు, మా అత్తకు మాత్రం తెల్లదే. మా ఆడపడుచు రోజూ నర్సమ్మతో గొడవ, "ఏటమ్మా, మాకు ఆ పచ్చమందు ఎక్కించరేటి, డబ్బులిస్తాం కదా" అని. అది నిజంగా బలం మందేనా?

జవాబు: ఆ పసుపు రంగు రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2 విటమిన్‌ది. మామూలు సెలైనులోనో గ్లూకోజులోనో మల్టీవిటమిన్ ఆంప్యూల్ ఒకటి విరిచి కలిపితే సీసా మొత్తం పసుపు తిరుగుతుంది. వెలుతురు తగిలితే ఆ విటమిన్లు పాడవుతాయి కనుక తెలిసిన నర్సులు సీసా మీద నల్ల కవరో రేకో చుడతారు. కిటికీ పక్కన ఎండలో మూడు నాలుగు గంటలు వేలాడిన పచ్చసెలైనులో రంగు కోసం డబ్బులిచ్చినట్టే. ఒంట్లో అవసరానికి మించింది మూత్రంలో వెళ్లిపోతుంది, మర్నాడు యూరిన్ బ్యాగు చూడండి, అదే పసుపు. మా వార్డులో ఒక ఆయా ఉండేది, ఆ బ్యాగులు ఖాళీ చేస్తూ "ఇదిగో, వీళ్ల నాలుగొందలు ఇందులో పోయాయి" అనేది. నేను పుస్తకాల్లో చదివింది ఆవిడ బకెట్లో చూసేది.

ఇక బలం అంటారా, అరలీటరు ఐదు శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. వంద క్యాలరీలు కూడా రావు. మీ అత్తగారు నోటితో తినగలుగుతుంటే ఓ గ్లాసు పాలు అంతకంటే మేలు. పక్కావిడకు ఎందుకు పెట్టారో నాకు తెలియదు, పేగుకు ఆపరేషన్ అయి ఉండొచ్చు, నోటి తిండి ఆపేసి ఉండొచ్చు. అలాంటప్పుడు నరం ద్వారా విటమిన్లు రోజూ ఇవ్వాల్సిందే, మానేస్తే ప్రమాదం. ఎనభైల చివర్లో అమెరికాలో నరానికిచ్చే విటమిన్లకు కరువొచ్చింది. అవి లేకుండా ఉత్త నరం తిండి మీదే ఉన్న రోగుల్లో కొందరికి థయమిన్ లేక రక్తంలో ఆమ్లం పెరిగిపోయి ప్రాణాలు పోయాయి. కనుక అదే సీసా ఒకరికి ప్రాణం, పక్క బెడ్‌లో ఉన్నవాళ్లకు దండగ. ఆడపడుచును కాస్త నర్సమ్మ జోలికి పోవద్దనండి.

ప్రశ్న: బొబ్బిలి నుంచి. కరోనా అప్పుడు మొదలుపెట్టిన 50 మిల్లీగ్రాముల జింకు మాత్ర ఇంకా రోజూ వేసుకుంటున్నాను. మంచిదే కదండీ?

జవాబు: కాదండీ. ఇన్నేళ్లపాటు అంత జింకు పోతే పేగులో రాగి ఒంటికి పట్టదు. రాగి తగ్గితే రక్తహీనత, తెల్లకణాలు తగ్గడం, పాదాలు తిమ్మిర్లెక్కి నడక తూలడం. పెద్దవాళ్లకు తిండితో కలిపి రోజుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మీ డాక్టరుకు ఈ మాత్ర సంగతి చెప్పండి. అసలు చెప్పారా ఇన్నాళ్లలో?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా అమ్మమ్మకు దగ్గర దగ్గర ఎనభై ఏళ్లు. పన్నెండు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు, మనిషి పుల్లలా అయిపోయింది, పెద్దాసుపత్రిలో చేర్చాం. ముక్కుకు గొట్టం వేశారు కానీ పాలు కొలిచి కొలిచి రవ్వంత పోస్తున్నారు. మేం ఇంటి నుంచి చిక్కటి రాగిజావ పట్టుకెళితే వద్దని వెనక్కి పంపారు. ఆకలితో ఉన్న మనిషికి తిండి పెట్టడానికి ఇంత పిసినారితనమా?

జవాబు: తల్లీ, మీకు కోపం వచ్చిన ఆ డాక్టరుకు నా తరఫున ఒక నమస్కారం చెప్పు. సరిగ్గా చేస్తున్నారు.

పది పన్నెండు రోజులు తిండి లేని ఒళ్లు వేరే లెక్కన బతుకుతుంటుంది, కొవ్వు కరిగించుకుంటూ, పొయ్యి సన్నమంట మీద పెట్టినట్టు. ఒక్కసారి చిక్కటి జావ పోస్తే ఆ పిండిపదార్థానికి ఇన్సులిన్ ఎగిసి, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూరిపోతాయి. ఫాస్ఫేటు పడిపోతే ఊపిరి తీసే కండరాలు అలిసిపోతాయి, గుండె లయ తప్పుతుంది. తిండి లేనన్నాళ్లు నిలబడ్డ మనిషి తిండి పెట్టాక మూడో రోజున పోతుంది, ఇంట్లోవాళ్లకు ఎందుకో అర్థం కాదు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే ఇలాంటివాళ్లకు కిలో బరువుకు పది క్యాలరీలకు మించకుండా మొదలుపెట్టి నాలుగు నుంచి ఏడు రోజుల్లో మెల్లగా పెంచుతారు. మీ అమ్మమ్మ నలభై కిలోలుంటే మొదటి రోజు 400 క్యాలరీలు, అంతే.

ఈ ఫాస్ఫేటులో ఉండే ఫాస్ఫరస్‌ను రక్తంలో కొలవడానికి 1925లో అమెరికాలో ఒక పద్ధతి కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతా చదువుకుంటుంది. మనవాళ్లకు ఆయన పేరు చెబితే మందులు గుర్తొస్తాయి కానీ, ఐసీయూలో తిండి మొదలెట్టిన ప్రతిరోజూ ఫాస్ఫేటు రిపోర్టు కోసం ఎదురుచూసే మాలాంటివాళ్లకు ఆయన ఇంకోలా గుర్తొస్తారు.

ఇక ఆ పాల కంటే ముందు నరానికి ఒక చిన్న ఇంజెక్షన్ ఇచ్చి ఉంటారు, గమనించారో లేదో. థయమిన్, అంటే బి1. ఒంట్లో దీని నిల్వే పాతిక ముప్పై మిల్లీగ్రాములు, తిండి మానేస్తే రెండు మూడు వారాల్లో అయిపోతుంది. పిండిపదార్థం శక్తిగా మారాలంటే ఇది కావాలి. ఇది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న చివరి చుక్క కూడా ఖర్చయి మెదడు, గుండె దెబ్బతింటాయి. కాబట్టి థయమిన్ ముందు, తిండి తర్వాత. ఐసీయూలో చేరిన రోజు నుంచి మూడు నాలుగు రోజులు రోజుకు 100 నుంచి 300 మిల్లీగ్రాములు ఇవ్వమని ఇప్పటి మార్గదర్శకాలు. ఇంజెక్షన్ ఖరీదు ఓ సినిమా టికెట్టంత కూడా ఉండదు. విటమిన్ సి మీద ప్రపంచం ఇంత హడావుడి చేసింది కానీ, నన్నడిగితే ఐసీయూలో అసలు మరిచిపోకూడని విటమిన్ ఇదే.

మన ప్రాంతానికి దీంతో పాత బంధుత్వం ఉంది. ఉత్తర సర్కారులని పిలిచే ఈ కోస్తా అంతా ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పేరుపడ్డ చోటు. థయమిన్ లేకే ఆ జబ్బు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం, అది కడిగి కడిగి, గంజి వార్చి పారబోసి తినడం. 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలోని కూనూరులో బెరిబెరి విచారణ కోసమని ఒక చిన్న పరిశోధన విభాగం పెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు మారింది, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. మన అమ్మమ్మలు గంజిని తరవాణిగా పులియబెట్టుకు తాగేవాళ్లు, మనం దాన్ని సింకులో పోస్తున్నాం.

రాగిజావ మంచిదే, కాదని ఎవరన్నారు. కానీ చిక్కటిది ఆ సన్నటి గొట్టంలో అడ్డుపడి, గొట్టం తీసి మళ్లీ వెయ్యాల్సి వస్తే బాధ అమ్మమ్మకే. వారం ఆగి, పలచగా, వడకట్టి తేవచ్చా అని డైటీషియన్‌ని అడుగు.

ప్రశ్న: విజయనగరంలో ఉంటున్నాను. ఎమ్మెస్సీ న్యూట్రిషన్ అయ్యాక పీహెచ్‌డీలో చేరాను. మా గైడు గారు "ఐసీయూ రోగులు 60 మంది, 30 మందికి మల్టీవిటమిన్, 30 మందికి లేదు, మరణాలు తగ్గాయా చూడు" అంటున్నారు. సినాప్సిస్ ఇవ్వడానికి నెల రోజులే టైముంది, టెన్షన్‌గా ఉంది. ఈ టాపిక్ నిలబడుతుందా మేడమ్?

జవాబు: నిలబడదమ్మా. గైడుగారితో గొడవ పడకు, లెక్క చూపించు. మరణాలు నూటికి 40 ఉన్నచోట మందు వల్ల 35కి తగ్గుతాయని నిరూపించాలంటే ఒక్కో గుంపుకు దాదాపు 1500 మంది కావాలి, మొత్తం మూడు వేలు. 60 మందిలో తేడా వస్తే అది చీటీల ఆటలో వచ్చిన తేడా, రాకపోతే మందు పనిచెయ్యదనీ చెప్పలేవు. పైన రాజాం అబ్బాయికి రాసిన 47 మంది కథ చదువు, ఐదేళ్ల పాటు ప్రపంచం దాని వెనక పరిగెత్తింది. నీ థీసిస్ ఆ పని చెయ్యకూడదు.

అయితే 60 మందితో తేల్చగలిగే ప్రశ్నలు బోలెడున్నాయి. నా మాట వింటే, "ఎంత ఇస్తే బతుకుతారు" అని కాకుండా "ఎంత పోతోంది" అని అడుగు. కాలినవాళ్ల పుండ్ల నుంచి కారే రసిలో రాగి, జింకు, సెలీనియం కారిపోతాయి. స్విట్జర్లాండ్‌లో లోజాన్ డాక్టర్లు దాన్ని కొలిచి, పోయినంత తిరిగి ఇవ్వడంతో మొదలుపెట్టబట్టే కాలిన రోగుల విషయంలో మాత్రం సూక్ష్మపోషకాల వైద్యం గట్టిగా నిలబడింది. ఐసీయూలో రోజంతా నడిచే డయాలసిస్‌లోనూ అంతే, వడకట్టి పారేసే ద్రవంలో రాగి, సెలీనియం, థయమిన్, విటమిన్ సి వెళ్లిపోతుంటాయి. పారబోసే డబ్బా దగ్గర నిలబడి కొలిచే ఓపిక ఉంటే అదొక థీసిస్. లేదూ, డైట్ చార్టులో రాసిన తిండికి, నిజంగా గొట్టంలోంచి లోపలికి వెళ్లిన తిండికి తేడా ఎంత, స్కానింగుకి తీసుకెళ్లినప్పుడు ఎన్ని గంటలు ఆపారు, ఆ లోటులో ఏ విటమిన్ ఎంత తగ్గింది? మన జిల్లా ఆసుపత్రుల్లో ఇది ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు. పేరు అంత గొప్పగా వినపడదు, కానీ వైవాలో ఎవరూ పడగొట్టలేరు.

శాంపిళ్ల దగ్గర జాగ్రత్త. నా చేతులు కాలిన చోటు అదే. శ్రీకాకుళంలో తెల్లారి రక్తం తీసి, థర్మాకోల్ డబ్బాలో ఐసు వేసి, ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని విశాఖ ల్యాబ్‌కు తీసుకెళ్లేదాన్ని, నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఒక మే నెలలో దారిలో బస్సు ఆగిపోయింది. మూడు గంటల తర్వాత డబ్బా తీస్తే ఐసు కాదు, గోరువెచ్చటి నీళ్లు, అందులో పద్నాలుగు ట్యూబులు తేలుతున్నాయి. విటమిన్ సి రిపోర్టు అందరిదీ దాదాపు సున్నా వచ్చింది. ఒక్క నిమిషం, దేవుడా ఎంత పెద్ద లోపం కనిపెట్టాను అనుకున్నాను చూడు, ఆ నిమిషం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. విటమిన్ సి ఎండకీ వేడికీ నిలవదు, తీసిన వెంటనే చల్లబరిచి, చీకట్లో ఉంచి, ఆమ్లం కలిపి గడ్డకట్టించాలి. జింకుదైతే ఎదురు బాధ, మామూలు ట్యూబు రబ్బరు మూత నుంచి కూడా జింకు కలుస్తుంది, ఎర్రకణాలు పగిలినా పెరిగిపోతుంది. అందుకని ప్రత్యేకమైన ట్యూబులు కొనుక్కో, ఖరీదెక్కువే. ప్రతి శాంపిల్‌తో పాటు సీఆర్‌పీ తప్పకుండా చేయించు, లేకపోతే పరీక్షకులు మొదటి ప్రశ్నే అదడుగుతారు. ఎథిక్స్ అనుమతి చేతికొచ్చే దాకా ఒక్క చుక్క రక్తం కూడా తియ్యకు. రోగులకు ఏదైనా ఇచ్చి చూసే పరిశోధన అయితే మొదటి మనిషిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయించు, తర్వాత చేద్దాంలే అంటే కుదరదు.

నెల రోజులు చాలు సినాప్సిస్‌కి. ముందు ఆ 1500 లెక్క ఒక కాగితం మీద వేసుకుని గైడు గారి దగ్గరకు మధ్యాహ్నం భోజనం అయ్యాక వెళ్లు. ఆ టైములో గైడులు కొంచెం మెత్తగా ఉంటారు.

ప్రశ్న: ఉద్దానంలో కవిటి దగ్గర మా ఊరు. మా ఆయన కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళతారు. నీరసం ఎక్కువగా ఉందంటే మెడికల్ షాపు తమ్ముడు ఎ నుంచి జెడ్ దాకా అన్నీ ఉన్న విటమిన్ మాత్రలు, విటమిన్ సి 500 చప్పరింపు బిళ్లలు ఇచ్చాడు. ఇంట్లో కొబ్బరి తోట ఉంది, రోజూ ఒక బొండాం కొట్టి ఇస్తున్నాను. సరేనాండీ?

జవాబు: చెల్లీ, మూడూ ఆపు. ఆపి, వచ్చే డయాలసిస్ రోజు ఆ డబ్బాలు సంచిలో వేసుకెళ్లి అక్కడి డాక్టరుకు చూపించు.

డయాలసిస్ మిషన్ మురికితో పాటు నీళ్లలో కరిగే విటమిన్లనూ తీసేస్తుంది, బి గ్రూపువి, ఫోలిక్ యాసిడ్, విటమిన్ సి. అవి ఇవ్వాలి, అందుకే కిడ్నీ రోగులకు వేరే విటమిన్ మాత్ర ఉంటుంది, డయాలసిస్ రోజున అది అయ్యాక వేసుకోవాలి, ముందు వేసుకుంటే మిషన్‌కు ఇచ్చినట్టే. కానీ విటమిన్ ఎ కొవ్వులో కరిగేది, మిషన్ తియ్యలేదు, కిడ్నీ పంపలేదు, పోగుపడి విషమవుతుంది. ఎ నుంచి జెడ్ మాత్రలో మొదటి అక్షరమే మీ ఆయనకు పనికిరాదు. విటమిన్ సి కూడా రోజుకు అరవై నుంచి వంద మిల్లీగ్రాముల దాకా అయితే ఫరవాలేదు, 500 బిళ్లలు చప్పరిస్తే అది ఆక్సలేటుగా మారి గుండెలో, రక్తనాళాల్లో పేరుకుంటుంది. షాపు తమ్ముడు చెడ్డవాడేం కాదు, అందరికీ ఇచ్చేదే ఇచ్చాడు. నీరసానికి అసలు కారణం రక్తం తగ్గడమేమో హిమోగ్లోబిన్ చూపించండి. మీ వైపు చాలామంది ఐరన్, రక్తం పట్టించే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో తేరుకోవడం చూశాను.

బొండాం సంగతి రాయాలంటే మనసొప్పడం లేదు, ఉద్దానంలో కొబ్బరి నీళ్లు వద్దని ఎలా చెప్పను. కానీ ఒక్క గ్లాసు కొబ్బరి నీళ్లలో దాదాపు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, కిడ్నీ లేని మనిషికి అది బయటకు పోయే దారి లేదు. రెండు డయాలసిస్‌ల మధ్య, ముఖ్యంగా రెండు రోజుల ఎడం వచ్చినప్పుడు, గుండె ఉన్నట్టుండి ఆగడానికి ఇదొక కారణం. తోటలో బొండాలు పిల్లలకు కొట్టివ్వు. మీ ఆయన కంటపడకుండా.